పాలగుండకు అంటిన నీలం

ఈ సంగతిని మొదట్లో మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పాను. ఆఫీసు సాబ్‌కు ఒక రకంగా, మా ఆవిడకు ఇంకో రకంగా, జగదల్‌పూర్‌లో నాలాగే కెమెరా భుజాన వేసుకుని తిరిగే స్నేహితులకు మరో రకంగా. ఒకసారి తప్పు వెలుతురుది, ఒకసారి చెక్‌పోస్టుది, ఒకసారి అసలు తప్పే లేదు, ఉన్నదే ఫోటోలో పడింది, అంతే. మూడింటిలోనూ నాది మాత్రం కాదు. ఈసారి జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ, పేరా పేరాకీ లేచి స్టూడియో షట్టరు దాకా వెళ్ళి రోడ్డు చూసి వస్తున్నాను. ఎవరో వస్తారని కాదు. ఈ విషయంతో ఒక్కచోట ఎక్కువసేపు ఉండలేక.

మా నాన్న గనుల్లో పనికి ఆంధ్ర నుంచి ఇటు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు వచ్చాడు. నేను గనుల టౌన్‌షిప్పు క్వార్టర్లలో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. చదువు అబ్బక జగదల్‌పూర్ వచ్చి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. పాతికేళ్ళు పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళి ఫోటోలు తీశాను. వచ్చిన ప్రతివాళ్ళూ కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే చెప్పే మాట ఒకటే, తెల్లగా రావాలని. నేను తెల్లగా రప్పించేవాణ్ణి. వెలుతురు కాస్త ఎక్కువ, ఆపైన కంప్యూటర్లో నీలం ఛాయ ఒక చుక్క. ముఖం మీద పసుపు ఛాయ ఉంటే మనిషి పాతబడినట్టు ఉంటాడు. నీలం ఛాయ ఉంటే ఉతికి ఆరేసినట్టు ఉంటాడు. ఈ అలవాటు గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా దీంట్లోంచే వచ్చింది.

ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక స్టూడియోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆ రోజుల్లోనే, అడవి సరుకులు ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే ఒక ఆఫీసు వాళ్ళు నన్ను పిలిచారు. చింతపండు, ఇప్పపూవు, సారపప్పు, తేనె, అడవి దుంపతో చేసే పాలగుండ, ఇలా మహిళా సంఘాలు తయారు చేసేవన్నీ ఫోటోలు తీసి వాళ్ళ పేజీలో పెట్టాలి. మొదట నాలుగైదు ఊళ్ళు తియ్యి, నచ్చితే బస్తర్ మొత్తం కేటలాగు నీదే అన్నాడు అక్కడి అధికారి. ఆయన్ని అందరూ సాబ్ అనేవారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. కొత్త కెమెరా కొన్నాను. మనుషుల్ని తీయడం వేరు, వస్తువుల్ని తీయడం వేరు కాబట్టి నెల రోజులు వీడియోలు చూసి నేర్చుకున్నాను.

నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెబుతాను. కెమెరాకు తెలుపంటే ఏమిటో తెలియదు. దాని ముందు ఏది పెట్టినా అది నడిమి రకం బూడిదరంగు అనుకుని వెలుతురు కొలుస్తుంది. అందుకే ఫోటో నిండా తెల్లటి వస్తువు ఉంటే మసకబారుతుంది, నల్లటిది ఉంటే వెలిసిపోతుంది. తెల్లదాన్ని తీసేటప్పుడు మనమే వెలుతురును ఒకటిన్నర మెట్టు పెంచాలి. రెండోది రంగు. ఎండకు ఒక రంగు ఉంటుంది, నీడకు ఒకటి, ట్యూబులైటుకు ఇంకొకటి. మన కన్ను వాటికి సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోలేదు. ఇదిగో, ఇది ఏ రంగూ లేనిది, దీన్నిబట్టి మిగతావన్నీ చూసుకో అని దానికి ఒక వస్తువు చూపించాలి. అందుకోసమే అరచేతి అంత బూడిదరంగు అట్ట దొరుకుతుంది, గ్రే కార్డు అంటారు. అదీ కొన్నాను. కాబట్టి ఈ రెండూ నాకు వచ్చు. రాక తప్పు చేశానని ఎవరైనా అనుకుంటే అది నామీద అక్కర్లేని జాలి.

పాలగుండ తీయాల్సిన ఊరు పామేడు అవతల, తెలంగాణ హద్దుకు దగ్గర. అప్పటికి రోడ్డు పూర్తి కాలేదు. బీజాపూర్ నుంచి తిన్నగా పోలేక తెలంగాణలోకి దిగి, చర్ల మీదుగా చుట్టు తిరిగి మళ్ళీ ఛత్తీస్‌గఢ్‌లోకి ఎక్కాలి. జీపులో పదకొండు మందిమి, రెండు కోళ్ళు. దారిలో చెక్‌పోస్టు దగ్గర బ్యాగు విప్పించి సామానంతా బల్లమీద పెట్టించారు. జవాను గ్రే కార్డును అటూ ఇటూ తిప్పి, దీనిమీద ఏమీ లేదేమిటని అడిగాడు. ఏమీ లేకపోవడమే దాని పని అన్నాను. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. సామాను అతనే తిరిగి సర్దాడు. ఊరు చేరాక కార్డు కోసం ఎప్పుడూ పెట్టే అరలో చెయ్యి పెడితే లేదు. చెక్‌పోస్టులో పోయిందని తర్వాత అందరికీ చెప్పాను. నిజం ఏమిటంటే మిగతా అరలు నేను వెతకలేదు. అప్పటికే పన్నెండు దాటింది, జీపు మూడింటికి తిరిగి వెళ్ళిపోతుంది.

సంఘం షెడ్డులో పదిమంది దాకా ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకామె నాతో తెలుగులో మాట్లాడింది. తనవాళ్ళతో దోర్లీ, ఆఫీసువాళ్ళతో హిందీ. నాకంటే పదేళ్ళు పెద్ద. పేరు రాయను. అక్కా అని పిలిచాను, ఇక్కడా అక్క అనే అంటాను. సంఘంలో పాలగుండ కడిగే పని ఆమెది. చలికాలంలో ఆకు ఎండిపోయాక అడవిలో దుంప తవ్వుతారు. గరుకు రాతిమీద అరగదీసి, నీళ్ళలో కలిపి, బట్టలో వడకడతారు. కదలకుండా ఉంచితే గుండ అడుగున పేరుకుంటుంది. పై నీళ్ళు వంపేసి కొత్త నీళ్ళు పోస్తారు. దుంపలోని చేదూ పసిమీ మొత్తం నీళ్ళలోకి దిగిపోయేదాకా రోజుల తరబడి ఇదే పని. ఎన్ని నీళ్ళు పోయాలన్నదానికి లెక్క లేదు. అక్క వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఇంకో నీరు అంటే ఇంకో నీరు. చాలంటే చాలు. ఎండిన ముద్దను వేళ్ళతో నలిపి, చేతి వెనకవైపు రాసుకుని, షెడ్డు నీడలోకి వెళ్ళి చూసేది. ఎండలో ఎందుకు చూడవని అడిగితే, ఎండల అన్నీ తెల్లగనే ఉంటయి గద అంది. నేను నెల రోజులు వీడియోల్లో నేర్చుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. నేను తలూపి, గడియారం చూసుకున్నాను.

టేకాకుల మీద పాలగుండ గుట్టగా పోయించాను. కార్డు లేదు కాబట్టి తెల్లగుడ్డ ఏదైనా కావాలి. దండెం మీద వడకట్టే బట్ట ఆరేసి ఉంది. ఉతికిందే. నేనే లాగి గుట్ట పక్కన పరిచాను.

“అది తెలుపు కాదు తమ్ముడూ,” అంది అక్క. “నాలుగేండ్ల సంది గుండ నీళ్ళు తాగుతంది.”

“కెమెరాకి ఇది చాలక్కా.”

“కెమెరాకు చాలు సరే. నీ కండ్లకేమయింది?”

వెనకాల ఆడవాళ్ళు నవ్వారు. ఆమె తోడికోడలు దోర్లీలో ఏదో కలిపింది, ఇంకా గట్టిగా నవ్వారు. నా ముఖం వేడెక్కింది. కొత్త బట్ట తెస్తానుండు అంటూ అక్క ఇంటివైపు రెండడుగులు వేసింది కూడా. వద్దన్నాను. జీపు పోతుందన్నాను. ఆమె ఇల్లు అక్కడికి ఇరవై అడుగులు ఉంటుందేమో.

ఆ బట్టను చూపించి, ఇదే తెలుపు అని కెమెరాకు చెప్పాను. కెమెరా నమ్మింది. బట్టలో ఉన్న పసిమిని చంపడానికి తీసిన ప్రతి ఫోటోలోకీ అంత నీలం కలిపింది. వెలుతురూ పెంచలేదు. తెలుపు మరీ ఎక్కువై వెలిసిపోతే గుండ పలుకు కనబడదని భయపడి, కెమెరా ఎంత కొలిస్తే అంతకే వదిలేశాను. ముప్పయి నలభై తీశాక అక్క చూపించమంది. తెర ఆమె వైపు తిప్పాను.

“గిదేంది, గిట్ల నీలిగ కనవడ్తంది?”

ఎండలో తెర అలాగే ఉంటుందని, కంప్యూటర్లో చూస్తే సరిపోతుందని చెప్పాను. ఆమె రెండు చేతులూ తెరకు అడ్డంపెట్టి నీడ చేసుకుని మళ్ళీ చూసింది. అప్పటికే డ్రైవరు హారన్ కొడుతున్నాడు. బెల్లం వేసిన పాలగుండ జావ గిన్నెలో తెచ్చి ఇస్తే నిలబడే తాగాను. గిన్నె ఇచ్చేటప్పుడు కూడా ఆమె చూపు కెమెరా మీదే ఉంది.

మర్నాడు స్టూడియోలో పెద్ద తెర మీద చూస్తే ఆమె చెప్పినట్టే ఉంది. పొగపట్టిన నీలం. వెలుతురు పెంచాను, పొగ పోయింది. నీలం మిగిలింది. రంగు సరిచేసే మీటను మెల్లగా పసుపు వైపు జరిపాను. ఒకచోట గుండ తన అసలు రంగులోకి వచ్చింది. పాల మీద మీగడ ఉంటుందే, ఆ తెలుపు. షెడ్డు నీడలో ఆమె చేతి వెనక చూసిన తెలుపు. అక్కడ చెయ్యి తీసేసి ఉంటే ఇవాళ రాయడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నా కంటికి అది పాతబడినట్టు కనిపించింది. ఆన్‌లైన్‌లో ఇంకో వంద తెల్లటి పొడుల పక్కన ఇది వెలవెలబోతుందనిపించింది. మీటను మళ్ళీ నీలం వైపు జరిపాను. మొదట ఉన్నంత కాదు, కాస్త తక్కువ. తెల్లగా, ఉతికి ఆరేసినట్టు వచ్చింది. అలాగే పంపించాను.

చాలాకాలం నేను ఎవరికీ చెప్పనిది ఇదే. బట్ట వల్ల పొరపాటు జరిగిందని ఒకరిద్దరికి చెప్పాను. సరైన రంగు తెర మీదకు వచ్చాక, చూసి, దాన్ని కాదని తప్పు రంగును ఎంచుకున్నానని చెప్పలేదు.

పది పన్నెండు రోజులకు సాబ్ ఫోను చేశాడు. హైదరాబాదులో ఒక పెద్ద దుకాణం వాళ్ళు పాలగుండ మొత్తం కొందామనుకుంటూ ఫోటో చూసి ఆగిపోయారట. తెల్లగా కనబడడానికి ఇందులో బట్టలకు పెట్టే నీలం కలిపారా అని అడుగుతున్నారట. ఫోటోలో రంగు సరిగ్గానే ఉందా అని నన్ను అడిగాడు. మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు నేను ఒక పెళ్ళి ఆల్బం అట్టలు సర్దుతున్నాను. కేటలాగు గుర్తొచ్చింది. కొత్త కెమెరా గుర్తొచ్చింది. రంగు తప్పు తీసేవాడికి కేటలాగు ఎవరిస్తారు? కెమెరా అబద్ధం చెప్పదు సాబ్, అక్కడ ఉన్నదే వచ్చింది అన్నాను. హిందీలో ఆ వాక్యం ఎంత సాఫీగా వచ్చిందో ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. కొంత సాబ్ చెప్పాడు, మిగతాది చాలాకాలానికి తెలిసింది. ఆఫీసు నుంచి ఇద్దరు ఊరికి వెళ్ళారు. గుండలో ఏమైనా కలుపుతున్నారా అని సంఘాన్ని నిలదీశారు. కడిగేది ఎవరంటే అందరూ అక్క వైపు చూశారు. అక్క ఇంట్లో గూట్లో నీలం పొట్లం ఉందని తోడికోడలు చెప్పింది, తనే వెళ్ళి తెచ్చి ఇచ్చింది. పొట్లం ఉన్న మాట నిజం. అక్క కూతురు బీజాపూర్‌లో నర్సు చదువుతోంది. సెలవులకు వస్తే ఆమె తెల్లకోటు అక్కే ఉతికి నీలం పెట్టేది. ఆ మాట అక్క చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. వచ్చినవాళ్ళలో ఒకతను, గుండ చూస్తే నీలంగా ఏమీ లేదే అన్నాడట. మళ్ళీ కడిగేసి ఉంటారు అన్నాడట రెండోవాడు. పరీక్షకు పంపుతామని ఒక సంచి తీసుకుపోయారు. ఆ పరీక్ష సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు. మిగతా సంచులు షెడ్డులోనే ఉండిపోయి, వానాకాలంలో చెమ్మ తగిలి గడ్డకట్టి పాడైపోయాయి. కడిగే పని అక్క చేతిలోంచి తీసేశారు.

సాబ్ ఈ సంగతి నాకు సంతోషంగా చెప్పాడు. నీ ఫోటో వల్లే దొరికింది, లేకపోతే మన పేరు పోయేది అన్నాడు. కేటలాగు నాకు ఇచ్చాడు.

పొట్లం దొరికిందని విన్నప్పుడు నాకు తేలికగా అనిపించింది. ఇది కూడా రాయాలి. నిజంగానే కలిపిందేమో, నా కెమెరా సగం నిజమే చెప్పిందేమో అని కొన్నాళ్ళు అనుకున్నాను. అనుకోవడానికి బాగానే ఉంది గానీ కుదురు లేదు. తింటూ లేచేవాణ్ణి, బండి తీసి ఎటు పోవాలో తెలియక పెట్రోలు బంకు దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మా ఆవిడను అడిగి బియ్యప్పిండి తీసుకున్నాను. వంటింట్లో పసుపు మరకలు పట్టి వెలిసిపోయిన తుండుగుడ్డ ఒకటి ఉంటే తీసుకున్నాను. డాబా మీద నీడలో పిండి గుట్ట పోసి, గుడ్డను చూపించి ఇదే తెలుపు అని కెమెరాకు చెప్పి, వెలుతురు పెంచకుండా ఒక ఫోటో తీశాను. అదే నీలం, అదే పొగ. ఇప్పుడు కార్డు పెట్టి తీద్దామని, కొత్త కార్డు కొనలేదు కాబట్టి ఏదైనా దొరుకుతుందేమోనని బ్యాగు మొత్తం బోర్లించాను. పాత కార్డు లోపలి జిప్పు అరలోంచి జారి కింద పడింది. జవాను భద్రంగా పెట్టాడు పాపం. ఆ కార్డు పెట్టి, వెలుతురు ఒకటిన్నర మెట్టు పెంచి తీస్తే పిండి పిండిలాగే వచ్చింది. ఏం చేస్తున్నారని మా ఆవిడ అడిగితే కెమెరాలో ఏదో లోపం ఉందని చెప్పాను.

అప్పటికి సంచులు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. వానలు రాలేదు. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది.

చేయలేదు. రెండు వానాకాలాలు గడిచాయి. కేటలాగు పని చేస్తూనే ఉన్నాను. ఎక్కడికెళ్ళినా మొదట కార్డు బయటికి తీసేవాణ్ణి, రెండుసార్లు సరిచూసేవాణ్ణి. చింతపండు చింతపండులా వచ్చింది, తేనె తేనెలా వచ్చింది. సాబ్ మెచ్చుకున్నప్పుడల్లా వేరే గదిలోకి వెళ్ళిపోవాలనిపించేది. పామేడు వైపు పని వస్తే నడుము నొప్పి అని చెప్పేవాణ్ణి.

ఈమధ్య ఒక పొద్దున స్టూడియోకి ఒక అమ్మాయి వచ్చింది. నర్సు ఉద్యోగం వచ్చిందట, గుర్తింపు కార్డుకు ఫోటో కావాలట. సంచిలోంచి తెల్లకోటు తీసి వేసుకుంది. అందరూ అడిగేదే అడుగుతుందనుకుంటూ లైటు సర్దుతుంటే, కోటు తెల్లగ రావాలె సార్, నేను ఎట్లున్న సరే అంది. నాకు నవ్వొచ్చింది. తెలుగు ఎక్కడిదమ్మా అని అడిగాను. ఊరు పేరు చెప్పింది. చేతిలోని లైటు స్టాండును గోడకు ఆనించి, కెమెరా వెనక్కి వెళ్ళాను.

ఫోటో కాగితం బయటికి వచ్చేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. కోటుకు ఇప్పుడు నీలం పెట్టనని, అది చూస్తే మా అమ్మ ముఖం మాడ్చుకుంటుందని చెప్పింది. ఎందుకని నేను అడగాల్సి వచ్చింది. ఎవరో ఫోటోగ్రాఫర్ వచ్చాడంట, గుండ నీలంగా పడిందంట, ఆ పేరు అమ్మ మీద పడిందంట. సంతలో అమ్మ ఏది అమ్మినా, నీలం పెట్టినావా అని ఎగతాళి చేస్తారట. రెండు చలికాలాల నుంచి అమ్మ దుంపకు పోలేదట. ఈ మాటలన్నీ అమ్మాయి కోపం లేకుండా, ఇంటి ముచ్చట చెప్పినట్టు చెప్పింది. ఫోటోలు కవరులో పెట్టి ఇచ్చాను. ఆ ఫోటోగ్రాఫర్ నేనేనని చెప్పలేదు. ఆమె ఆటో ఎక్కేదాకా చూసి, షట్టరు దించి, లోపల చీకట్లో నిలబడ్డాను.

ముందు ఆఫీసుకు వెళ్ళాను. సాబ్ బదిలీ అయిపోయాడు. కొత్తాయన శ్రద్ధగానే విన్నాడు. ఆ పేజీ తీసేసి చాలాకాలమైందని, ఇప్పుడు రాసిచ్చి ఏం లాభమని అన్నాడు. అయినా రాసిచ్చాను. హిందీలో, ఒక పేజీ, సంతకం పెట్టి. ఆయన దాన్ని ఫైల్లో పెట్టాడు. ఆ ఫైలు మళ్ళీ ఎవరైనా తెరుస్తారని నేననుకోను.

పాత ఫోటో ఫైలు నా దగ్గరే ఉంది. దాన్ని రెండుగా ముద్రించాను. ఒకటి నేను పంపినట్టు, రెండోది ఆ రోజు ఒక్క నిమిషం తెర మీద చూసి కాదన్నట్టు. వాటిని తీసుకుని వాళ్ళ వారపు సంత రోజున వెళ్ళాను. రోడ్డు ఇప్పుడు మెరుగైంది. బ్యాగు మాత్రం మళ్ళీ విప్పించారు.

అక్క చింతపండు కుప్ప ముందు కూర్చుని ఉంది. నాలుగు కుప్పలవతల తోడికోడలు. ఇద్దరూ మాట్లాడుకోరని స్టూడియోలో అక్క కూతురు చెప్పింది కాబట్టి తెలుసు. అక్క నన్ను చూడగానే గుర్తుపట్టింది.

“ఏంది తమ్ముడూ, జీపు దొరికిందా ఆ రోజు?” అంది.

ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఏవీ పనికి రాలేదు. రెండు ఫోటోలూ ఆమె చేతికిచ్చి, నీలం నేనే కలిపానక్కా అన్నాను. బట్ట సంగతి, వెలుతురు సంగతి, కంప్యూటర్లో మీట జరిపిన సంగతి, ఫోనులో సాబ్‌కు చెప్పిన మాట, అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చింతపండులోంచి గింజ ఏరుతూనే ఉంది.

“నీకెప్పుడు తెలిసింది?” అని అడిగింది చివరికి.

“అప్పుడే తెలుసు.”

ఏరుతున్న గింజను పక్కన పెట్టింది. ఇంకోటి ఏరలేదు.

“అప్పుడే తెలుసు,” అంది, నా మాటను తిరిగి నాకే అప్పగిస్తున్నట్టు. “ఇయ్యాల నాకు చెప్తే ఏమొస్తది? నేను కలపలేదని నాకు తెల్వదా?”

ఆఫీసులో రాసిచ్చానన్నాను. సంతలో అందరికీ చెబుతానన్నాను. లేచి నిలబడి హిందీలో మొదలుపెట్టాను. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తలెత్తారు. అక్క నా ప్యాంటు పట్టుకుని కిందికి గుంజింది.

“ఆ మాట హిందీల పోలే. దోర్లీల పోయింది ఊరూరు. దోర్లీల చెప్పు.”

“నాకు రాదక్కా.”

“వచ్చినంత చెప్పు. నేను దిద్దుత.”

నాకు దోర్లీ సంతలో బేరమాడేంత వస్తుంది. తప్పు ఒప్పుకునేంత రాదు. అయినా చెప్పాను. మొదటి వాక్యానికే జనం నవ్వారు. నీలం నేను తాగేశానన్నట్టు అయిందట. అక్క నవ్వలేదు. మాట సరిచేసి చెప్పింది, నేను దాన్ని మళ్ళీ అన్నాను. ఇంకో వాక్యం, ఇంకో దిద్దుబాటు. బడిలో కూడా అంత చెమట పట్టలేదు నాకు. జనం పెరిగారు. ఫోటోలు చేతులు మారాయి. వేళ్ళకున్న చింతపండు జిగురంతా వాటికి అంటుకుంది. ఒక ముసలాయన రెంటినీ ఎండలో పట్టుకుని చూస్తుంటే, నీడల చూడు అని అక్క తెలుగులోనే కసిరింది.

ఫోటోలు చివరికి తోడికోడలి దగ్గరికి వెళ్ళాయి. ఆమె వాటిని ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. రెండోదాని మీద వేలు పెట్టి, ఆ రోజు గుండ గిట్లనే ఉండె అంది. ఆమె తెలుగులో, నాకు అర్థమవ్వాలనే కాబోలు, నా వైపు చూసి చెప్పింది.

“పొట్లం నేను తెచ్చిచ్చిన. ఫోటో నువ్వు తెచ్చిచ్చినవ్. ఇద్దరం మంచిగ కలిసినం.”

అక్క అటు చూడలేదు. సంఘంలో ఇంకొకామె, వచ్చే చలికాలం కడగడానికి వస్తావా అని అక్కను అడిగింది. నాలుకకు చేదు యాది ఉన్నదో లేదో చూడాలె అంది అక్క. ఉందని గానీ లేదని గానీ చెప్పలేదు. నన్ను క్షమించానని కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోటోలు తిరిగి తన చేతికి వచ్చాక సరైనది ఉంచుకుని, నీలంది నాకు ఇచ్చేసింది. చింతపండు కొంటానంటే వద్దు పో అంది.

జీపు వైపు నడుస్తుంటే వెనకనుంచి తోడికోడలి గొంతు వినిపించింది. ఆలస్యంగా వచ్చిన పక్కూరివాళ్ళు ఇద్దరు, ఇక్కడ ఏం జరిగిందని ఆమెను అడుగుతున్నట్టున్నారు. ఆమె దోర్లీలో గబగబా చెబుతోంది. అంత వేగం నాకు అందలేదు. ఫోటో అన్న మాట పట్టుకున్నాను, నీలం అన్న మాట పట్టుకున్నాను. ఆగి వెనక్కి చూశాను. వాళ్ళు ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఎవరు కలిపారని అడిగారేమో, ఆమె చెయ్యి చాపి చూపిస్తోంది. ఆ వేలు అక్క కుప్ప వైపు లేదు. నా వైపు ఉంది.